పొట్టిగా, బొద్దుగా ఉన్నవాళ్ళం బ్లౌజ్ ప్యాటర్న్ ఎలా మార్చుకోవాలి?

సూదీదారం:
అందరికీ నమస్తే. నా ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, చెస్ట్ 43. అందుకని 44 సైజు పేపర్ ప్యాటర్న్ తీసుకుని కుట్టాను. చెస్ట్ ఒక్కటే సరిపోయింది. భుజాలు జారిపోతున్నాయి, చంక కింద గుప్పెడు బట్ట మిగిలింది, డాట్ (చెస్ట్ దగ్గర వేసే మడత కుట్టు) మొన అంగుళం కిందకి దిగింది. చెయ్యి ఎత్తితే బ్లౌజ్ మొత్తం పైకి లేస్తోంది. పక్కల కుట్టు వేసి బిగిస్తే హుక్కులు అందడం లేదు. టైలర్ల దగ్గర "మీ ఒళ్ళే అంత" అనే మాట విని విని విసిగిపోయి సొంతంగా మొదలుపెట్టాను. మీరెలా కుట్టుకుంటున్నారో చెప్పండి.

కాకినాడ కుట్టు:
తప్పు మీ ఒంటిది కాదమ్మా, తీసుకున్న సైజుది. ప్యాటర్న్‌లో చెస్ట్ పెరిగే కొద్దీ భుజం, మెడ, చంక లోతు కూడా పెంచుకుంటూ పోతారు. ఒళ్ళు వచ్చిందని భుజం ఎముక పెరగదు కదా. టేపుని చంకల కింద నుంచి తిప్పి, ముందు వైపు చెస్ట్‌కి పైభాగంలో బిగుతుగా పట్టి అప్పర్ చెస్ట్ ఎంతో చెప్పండి.

సూదీదారం:
38 వచ్చిందండీ.

కాకినాడ కుట్టు:
అయితే మీ ప్యాటర్న్ 40, 44 కాదు. భుజం, వీపు, మెడ దానితోనే సరిపోతాయి. తగ్గిన 3 అంగుళాలు ముందు భాగంలోనే కలపాలి, అంటే ఒక్కో పక్క ఒకటిన్నర.

అట్లాంటా_వదిన:
ఇక్కడ దొరికే పేపర్ ప్యాటర్న్‌లు చాలావరకు బీ కప్‌కి గీసినవే. అంటే అప్పర్ చెస్ట్‌కీ చెస్ట్‌కీ 2 అంగుళాల తేడా అనుకుని గీస్తారు. మీకు 5 ఉంది. నాదీ అదే కథ, నాలుగు బ్లౌజులు పాడయ్యాక తెలిసింది.

కలిపే ముందు పొడవు తగ్గించండి. ముందు, వెనక భాగాల్లో భుజానికీ చంక అడుగుకీ మధ్య అడ్డంగా గీత గీసి, అర అంగుళం తగ్గేలా కాగితం మడిచి అంటించండి. చేతి పై గుండ్రంలో కూడా అంతే మడవాలి. అది మర్చిపోతే చెయ్యి చంకలో కూర్చోదు.

ఆ తర్వాత ముందు భాగంలో నడుము నుంచి డాట్ మొన దాకా, అక్కడి నుంచి చంక వైపు కత్తిరించండి. చంక అంచు దగ్గర కాగితం తెగకుండా కొంచెం వదలాలి. పక్క కుట్టు వైపు నుంచి కూడా మొన దాకా కత్తిరించి, మొన దగ్గర ఒకటిన్నర అంగుళం తెరిచి, వెనక కాగితం అంటించండి. నడుము అంచు ఒక వైపు కిందకి జారుతుంది. రెండో వైపు కూడా దించి సమం చేస్తే, చెస్ట్ మీదకి కావలసిన పొడవూ వచ్చేస్తుంది. బ్లౌజ్ పైకి లేవడానికి ఈ పొడవు చాలకపోవడం కూడా ఒక కారణం.

నిజామాబాద్ పిల్ల:
నేను ఇంత లెక్క వేయను అక్కా. ఒంటికి బాగా పట్టిన ఆది జాకెట్టు కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, కాగితం మీద పరిచి గీసుకుంటా.

కాకినాడ కుట్టు:
ఆది మంచిదైతే అంతకు మించింది లేదు తల్లీ. ఆవిడకి ఆ మంచి ఆదే లేదు.

ఇంకొక మాట. చంక పట్టేస్తోందని కిందకి తవ్వకండి. చంక ఎంత కిందకి పోతే చెయ్యి ఎత్తినప్పుడు బ్లౌజ్ అంత లేస్తుంది. నేనూ మొదట్లో ఏళ్ళ తరబడి అదే తప్పు చేశాను, ఆ బ్లౌజులు వేసుకున్నవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సూదీదారం:
పాత దుప్పటి మీద కత్తిరించి కుట్టాను. అద్దం ముందు రెండు చేతులూ ఎత్తి చూస్తే కింద పట్టీ కదల్లేదు! భుజం కుట్టు సరిగ్గా ఎముక మీద కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మాత్రం దండ దగ్గర పట్టేస్తోంది, దండ కొలత 16.

అట్లాంటా_వదిన:
చేతి ప్యాటర్న్‌ని మధ్యలో నిలువుగా, దండ దగ్గర అడ్డంగా కత్తిరించి, నిలువు గీతని అడ్డగీత దగ్గర ఒక అంగుళం వెడల్పుగా తెరవండి. పై గుండ్రం అంచు మాత్రం తెగకూడదు, దాని చుట్టుకొలత చంకతో కలవాలి.

సూదీదారం:
సరే వదినా. చీరతో వచ్చిన పీస్ 80 సెంటీమీటర్లే, చాలుతుందా?

కాకినాడ కుట్టు:
పొట్టి చేతులైతే చూడొచ్చు. కాగితాలు ముందు పీస్ మీద పరిచి చూసుకోండి, చాలకపోతే వీపు భాగానికి అదే రంగు టూ బై టూ బ్లౌజ్ బట్ట వేయండి. కాటన్ లైనింగ్ అయితే రాత్రంతా నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పెట్టండి.