అప్‌డేట్: డిటెక్టివ్ కథలు తప్ప ఇంకేమీ ముట్టని పన్నెండేళ్ల పాప

మా పాపకు జీవిత చరిత్రలు, యాత్రా కథనాలు ఎలా అలవాటు చేయాలని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టే డిటెక్టివ్ పుస్తకాలు ఆపలేదు. రెండు వారాలకు మూడు పుస్తకాలు: రెండు తన ఇష్టం, ఒకటి కొత్త రకం.

మొదట ఇచ్చిన లావుపాటి జీవిత చరిత్ర వంశవృక్షం దగ్గరే ఆగిపోయింది. అలాంటివి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకూడదు. ఒక సంఘటన ఉన్న అధ్యాయం ముందు చదివించి, బాల్యం తర్వాత చదివించాలి. మన విశాఖ పిల్లలకు అల్లూరి సీతారామరాజు చక్కగా కుదురుతాడు. ఆయన దళం వరసగా పోలీస్ స్టేషన్లపై దాడి చేసింది: 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. పక్కన మన్యం మ్యాప్ పెట్టి, ఒక స్టేషన్ నుంచి ఇంకోదానికి ఒక్క రోజులో ఎలా చేరారో పెన్సిల్‌తో గీయమంటే చాలు, డిటెక్టివ్ బుర్ర పనిచేస్తుంది. ఎంత బాగుందో!

యాత్రలకూ మ్యాపే. ఏనుగుల వీరాస్వామి 1830-31లో చేసిన కాశీయాత్ర గురించి రాసిన పుస్తకంలోని పాత తెలుగు పిల్లలకు కష్టం. రోజుకు రెండు పేజీలు, పెద్దవాళ్లు పైకి చదవాలి.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయం గురించి చెప్పినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఇంట్లో సముద్రపు తేమకు పుస్తకాలు బూజు పడుతున్నాయి, అందుకే అల్మరాను గోడకు రెండంగుళాల దూరం జరిపాం.