“నీరాట వనాటములకు” పద్యం: మారు ప్రశ్న ఎలా వెయ్యాలి?

చర్చ మొదలుపెట్టినవారు:
అందరికీ నమస్కారం. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు క్లయింట్లతో మాట్లాడే తీరు నేర్పే పని నాకు అప్పగించారు. అవతలివాళ్ళు ఒక మాట అనగానే “ఓకే సర్” అని రాసేసుకుని తర్వాతి పాయింటుకు వెళ్ళిపోతున్నారు. విన్న మాటను పట్టుకుని ఇంకో ప్రశ్న వెయ్యడం వాళ్ళకు రావట్లేదు. దానికి మంచి ఉదాహరణగా చెప్పదగిన పద్యం ఉందా? యక్షప్రశ్నలు గుర్తొచ్చాయి గానీ, ఎందుకో కుదరవనిపించింది.

జవాబు:
యక్షప్రశ్నలు కుదరవండీ. యక్షుడికి జవాబులు ముందే తెలుసు, ధర్మరాజును పరీక్షించడానికి అడిగాడు. మీకు కావలసింది నిజంగా తెలియక, తెలుసుకోవాలని అడిగే ప్రశ్న. నన్నడిగితే పోతన భాగవతం అష్టమ స్కంధంలోని ఈ కందం చెబుతాను:

నీరాట వనాటములకుఁ
బోరాటం బెట్లు గలిగెఁ? బురుషోత్తముచే
నారాట మెట్లు మానెను
ఘోరాటవిలోని భద్రకుంజరమునకున్?

బడిలో దీన్ని “రాట” అనే మోత కోసం మెచ్చుకుని వదిలేస్తాం. ఇది ఎక్కడ వస్తుందో చూడండి. శుకుడు మనువుల గురించి వరుసగా చెప్పుకుంటూ పోతున్నాడు. నాలుగో మనువు కాలంలో విష్ణువు హరి అనే పేరుతో పుట్టి, మొసలికి చిక్కిన గజేంద్రుణ్ణి విడిపించాడని ఒక్క ముక్కలో అనేశాడు. తర్వాత అయిదో మనువు దగ్గరికి వెళ్ళిపోవాలి. కథ వింటున్న పరీక్షిత్తు మహారాజు అక్కడ ఆపి ఈ ప్రశ్న వేశాడు. ఆయన తలూపి ఊరుకుని ఉంటే మనకు గజేంద్రమోక్షం కథే లేదు. “లావొక్కింతయు లేదు” లేదు, “ఎవ్వనిచే జనించు” లేదు.

ఇంకో సంగతి. సంస్కృత భాగవతంలో ఇక్కడ పరీక్షిత్తు అడిగింది ఒక్కటే: మొసలి పట్టిన గజరాజును హరి ఎలా విడిపించాడో వినాలని ఉంది, అని. “పోరాటం బెట్లు గలిగె” అన్న మొదటి ప్రశ్న పోతన చేర్చింది. ఆ చేర్చడంలోనే నాకు ఆయన గొప్పతనం కనిపిస్తుంది. అటము అంటే తిరిగేది (పర్యటనలో ఉన్నదీ ఆ అట ధాతువే). నీరాటం నీళ్ళలో తిరిగేది, వనాటం అడవిలో తిరిగేది. ఏనుగు, మొసలి అని ఊరికే అనకుండా వాటి తావులతో పిలిచాడు. ఒకటి నీళ్ళది, ఒకటి అడవిది, మరి రెండూ ఎక్కడ తారసపడ్డాయి? చెప్పినాయన మాటల్లో మిగిలిపోయిన ఖాళీ మీదే సరిగ్గా వేలు పెట్టాడు. అందుకే శుకుడి జవాబు త్రికూట పర్వతంతో మొదలై, ఏనుగుల దాహం మీదుగా మడుగు దాకా వస్తుంది.

ఇంకొక సభ్యుడు:
పద్యం బాగుంది. కానీ శుకుడు చెప్పడానికే కూర్చున్నాడు, మనకు ఉండేది అరగంట కాల్. పైగా మనవాళ్ళను తిరిగి అడిగితే “నన్నే ప్రశ్నిస్తావా” అన్నట్టు చూస్తారు. దానికేం చేస్తారు?

జవాబు:
పరీక్షిత్తుకు మాత్రం తీరికెక్కడిదండీ? శాపం ప్రకారం ఏడో రోజున తక్షకుడు కాటేస్తాడు. అంత కొద్ది గడువులోనూ కథ ఆపించి అడిగాడు.

ఇక మీరన్న చిక్కు నిజమే. దానికీ పద్యంలోనే దారి ఉంది. రెండుసార్లూ “ఎట్లు” అన్నాడు, “ఎందుకు” అనలేదు. “ఎందుకు ఆలస్యమైంది?” అంటే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. “ఎలా జరిగిందండీ?” అంటే ఎదుటివాళ్ళు జరిగింది చెప్పడం మొదలుపెడతారు. తర్వాతి పద్యంలో “వినఁగ నాకు వేడుక పుట్టెన్” అని, తాను ఎందుకు అడుగుతున్నాడో కూడా చెప్పుకున్నాడు. తప్పు పట్టడానికి కాదు, వినాలని ఉంది అని. ఈ ఒక్క మాట ముందు అంటే చాలామంది నొచ్చుకోరు.

మా పనిలో చూసిందొకటి చెబుతాను. మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాం. ఒక షాపాయన “రాత్రి పదింటికి మూసేస్తామండీ, పొద్దున తెరిచేసరికి స్టాకు లెక్క తేడా వస్తోంది” అన్నారు. మావాడు “సాఫ్ట్‌వేర్‌లో లోపమేమో చూస్తాం సర్” అనబోయాడు. పక్కనున్న సీనియరమ్మ “పదింటికి మూసేస్తారన్నారు కదండీ, మరి రాత్రిపూట మందు ఎలా తగ్గుతోందంటారు?” అని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, పక్కనే నర్సింగ్ హోమ్ ఉందనీ, అర్జెంటైతే అక్కడివాళ్ళు తాళం తీయించుకుని మందు తీసుకెళ్ళి చీటీ పెడతారనీ, ఆ చీటీలు వారానికోసారి ఎక్కిస్తామనీ చెప్పారు. సాఫ్ట్‌వేర్‌లో లోపమేమీ లేదు. వాళ్ళకు కావలసింది రాత్రి చీటీలు ఎక్కించుకునే వీలు. ఆవిడ చేసింది నీరాటాన్నీ వనాటాన్నీ పక్కపక్కన పెట్టడమే: మూసిన షాపు, తగ్గిన మందు. రెండు మాటలూ ఆయనవే.

మరో సభ్యురాలు:
మీ పిల్లలకు ఇదే కథలోని ఇంకో పద్యం కూడా చెప్పండి. “సిరికిం జెప్పఁడు” అని విష్ణువు ఏమీ చెప్పకుండా, లక్ష్మి పైటకొంగు చేత్తో పట్టుకునే పరుగెడుతున్నాడు. ఎక్కడికని అడగాలని ఆవిడకు ఉంది.

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁ డని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడునెడలన్

అడుగుదామని గబగబా వెళ్తుంది, అడిగితే బదులు చెప్పడేమోనని ఆగిపోతుంది. మీటింగులో కొత్తపిల్లలు సరిగ్గా ఇలాగే ఉంటారు. మ్యూట్ తీస్తారు, మళ్ళీ పెట్టేస్తారు. వాళ్ళకు ప్రశ్న తట్టక కాదు, జవాబు రాకపోతే చిన్నబోతామని. ప్రశ్న వెయ్యడం నేర్పేముందు, అడిగినందుకు ఎవరూ విసుక్కోరన్న ధైర్యం ఇవ్వండి. అది పెద్దలు చెయ్యాల్సిన పని.

చర్చ మొదలుపెట్టినవారు:
రెండూ రాసుకున్నాను, చాలా సంతోషం. మొదటి పద్యం నుంచి ఒక అభ్యాసం తయారు చేస్తాను: క్లయింటు అన్న మాటల్లో పొసగని రెండిటిని ఏరి, “ఎలా”తో ఒక్క ప్రశ్న కట్టడం. సిడిముడి అంటే తొట్రుపాటేనా?

మరో సభ్యురాలు:
అవునండీ, తొట్రుపాటు, కంగారు. వెడవెడ అంటే కొద్దికొద్దిగా.