అప్‌డేట్: ప్రొద్దుటూరులో నాయన కంప్యూటర్ బాగైంది
ప్రొద్దుటూరులో మా నాయన కంప్యూటర్ నిండా వైరస్ హెచ్చరికలు వస్తున్నాయి, హైదరాబాద్ నుంచే ఎలా సరిచేయాలని అడిగాను కదా, మీరు చెప్పిన క్విక్ అసిస్ట్‌తోనే (దూరం నుంచే ఇంకొకరి కంప్యూటర్ చూసి సరిచేయడానికి విండోస్‌లో వాడే యాప్) పనైంది. కంట్రోల్, విండోస్, క్యూ మూడూ కలిపి నొక్కమంటే తెరుచుకుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ నాకుంటే చాలు, ఆయనకు అక్కర్లేదు. కనెక్ట్ కావడానికి ఆయన కొట్టాల్సిన, నేనిచ్చే కోడ్‌కు గడువు 10 నిమిషాలే, ఆయనేమో కళ్లద్దాలు వెతుక్కుంటూ ‘ఉండ్రా, తొందరపెట్టొద్దు’ అంటాడు.

తీరా చూస్తే వైరస్సే కాదు, ఏదో సైట్ అడిగితే నోటిఫికేషన్లకు పర్మిషన్ ఇచ్చేశాడంతే, ఆ హెచ్చరికలన్నీ అవే. క్రోమ్ సెట్టింగ్స్‌లో తీసేశాను.

పనిలో పనిగా అక్కర్లేని ప్రోగ్రామ్ ఒకటి తీసేస్తుంటే నా స్క్రీన్ నల్లబడింది. టెన్షన్ పడొద్దు, విండోస్ అనుమతి అడిగినప్పుడు అంతే, అక్కడ ‘ఎస్’ అవతలి కంప్యూటర్ ముందున్నవాళ్లే నొక్కాలి. ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్ చేసి ఇలాగే కోడ్ కొట్టమంటే కొట్టొద్దని నాయనతో అన్నాను. ‘నీ గొంతు నాకు తెలీదా’ అన్నాడు.