రూ.200 లోపు షాపు బ్రాండ్ ఇంజిన్ ఆయిల్ బైకుకు పోయొచ్చా?

అలిపిరి_100సీసీ
తిరుపతి స్పేర్స్ షాపుల్లో సొంత పేరు వేయించుకున్న 20డబ్ల్యూ40 గ్రేడు (చిక్కదనం గుర్తు) ఆయిల్, 900 మి.లీ. డబ్బా, రూ.200కే ఇస్తా ఉండారు. పేరున్న కంపెనీది ఇంచుమించు రూ.380. డ్యూటీకి రోజూ కొండకు పోయే 100 సీసీ బైకుకు చవకది పోసి, 1500 కిలోమీటర్లకే మార్చేస్తే సరిపోదా? మెకానిక్కులు తలా ఒక మాట చెప్తా ఉండారు. కారణంతో సహా చెప్పండన్నా.

చిత్తూరు_గ్యారేజ్
సరిపోతుంది. బేస్ ఆయిల్ (మందులు కలపని అసలు నూనె) అందరికీ వచ్చేది అవే రిఫైనరీల నుంచి. డబ్బా రేటులో ప్రకటనల ఖర్చు, డీలరు కమీషను చాలా ఉంటాయి. 100 సీసీ ఇంజినుకు అంత ఒత్తిడి ఉండదు. పైగా మన దగ్గర ఎక్కువగా తిరిగే 100 సీసీల్లో పేపరు ఫిల్టరే ఉండదు, ఒక జాలీ, తిరిగే రోటరు ఫిల్టరు అంతే. మసి, లోహపు పొడి బయటికి పోవాలంటే ఆయిల్ దింపడమే దారి. ఖరీదైనది పోసి 6000 దాకా లాగేదానికంటే చవకది పోసి తొందరగా దింపేది మేలు.

కరకంబాడి_లూబ్స్
బేస్ ఆయిల్ ఒకటే అన్నంత వరకు ఒప్పుకుంటా. తేడా వచ్చేది అక్కడ కాదు సామీ. డబ్బాలో నూటికి 80–90 పాళ్లు బేస్ ఆయిలే. అరుగుదల ఆపే జింకు మందు, మసి పేరుకోకుండా చూసే డిటర్జెంటు, వేడికి చిక్కదనం పడిపోకుండా కాపాడే పాలిమరు, ఇవన్నీ మిగిలిన 10–20 పాళ్లలో ఉంటాయి. రేటు తగ్గించాలనుకున్నోళ్లు కోత పెట్టేది వీటికే.

బైకులో ఇంజినుకు, క్లచ్చికి, గేర్‌బాక్సుకు ఒకటే ఆయిల్. గేరు పళ్ల మధ్య నలిగి నాసిరకం పాలిమరు తెగిపోతుంది. అందుకే జపానోళ్ల జాసో అనే బైకు ఆయిల్ ప్రమాణంలో నలుగుడు పరీక్ష పెట్టారు. పరీక్ష అయిన తర్వాత కూడా 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 12 సెంటీస్టోక్సుల (చిక్కదనం కొలత) కిందికి, 30 గ్రేడు 9 కిందికి దిగకూడదు. పరీక్షే చేయించని డబ్బాకు ఆ హామీ ఎవరిస్తారు?

కొండ ఎక్కేది సుమారు 18 కిలోమీటర్లు, చాలా భాగం రెండో గేరు, మూడో గేరే. ఇంజిను తిరిగే వేగం ఎక్కువ, తగిలే గాలి తక్కువ. మే నెలలో కిందే 40 డిగ్రీలు దాటుతుంది. పలచబడిన ఆయిల్ ముందు చెవికే తెలుస్తుంది. బాగా వేడెక్కినాక హెడ్డులో టిక్ టిక్‌మని శబ్దం వస్తుంది, గేరు గట్టిగా పడుతుంది, న్యూట్రల్ దొరకదు. ఇంకా అట్లే నడిపితే రింగులు పట్టేసి నీలం పొగ మొదలవుతుంది.

లెక్క కూడా చూడండి. 1500కు ఒకసారి మారిస్తే 6000 కిలోమీటర్లకు నాలుగు డబ్బాలు, రూ.800. రూ.380ది 3000కు మారిస్తే రెండు డబ్బాలు, రూ.760. లేబరు చార్జీ రెండు సార్లు తప్పుతుంది. ఇందులో మిగిలిందేముంది?

పుత్తూరు_డీజిల్
చవకే కావాలంటే ప్రభుత్వ కంపెనీ 15డబ్ల్యూ40, సీఐ-4 ప్లస్ తరగతి డీజిల్ ఆయిల్ పెద్ద డబ్బా కొనుక్కోండి. లీటరు లెక్కన తక్కువ పడుతుంది. మసిని తట్టుకునే మందు అందులో పెట్రోలు ఆయిల్ కంటే ఎక్కువ ఉంటుంది. షాపు బ్రాండ్ కంటే నూరు పాళ్లు నయం.

కరకంబాడి_లూబ్స్
నయమే, కాదనను. కానీ చాలా వాటి మీద ఆయిల్లో మునిగే క్లచ్చికి సరిపోతుందని చెప్పే జాసో ఎంఏ గుర్తు ఉండదు, క్లచ్చి పట్టు గురించి పూచీ లేదన్నట్టే. బూడిద మిగిల్చే పాళ్లు కూడా డీజిల్ ఆయిల్లో ఎక్కువ. ఇంజిను ఆయిల్ తాగడం మొదలుపెడితే ఆ బూడిద బీఎస్-6 బైకు సైలెన్సర్లో పొగను శుభ్రం చేసే క్యాటలిస్టుకు చేరుతుంది.

చిత్తూరు_గ్యారేజ్
కంపెనీ డబ్బా అయితే నిజమైనదేనని ఎవరు చెప్పాలన్నా? ఖాళీ డబ్బాలు కొనుక్కొని, వాడిన ఆయిల్ వడగట్టి, రంగు కలిపి మళ్లీ నింపేవాళ్లు ఉండారు. ఆ నకిలీ కంటే పేరు, అడ్రసు వేసుకొని అమ్మే షాపు బ్రాండే నయం కదా.

కరకంబాడి_లూబ్స్
ఈ మాట నిజం. అందుకే మూత కింద రేకు సీలు చూడాలి, బ్యాచ్ నంబరు తుడిస్తే చెరిగిపోతుందేమో చూడాలి, ఖాళీ డబ్బాకు మేకుతో బొక్క పెట్టి పారేయాలి. షాపులో వదిలేయొద్దు.

షాపు బ్రాండ్లన్నీ చెడ్డవని నేను అనడం లేదు. దాని మీద ఏమి రాసుందో చూడమంటా ఉండా. అమెరికాలో డాలర్ జనరల్ అనే గొలుసు దుకాణాల మీద కేసులు పడింది సరిగ్గా దీని గురించే. వాళ్ల సొంత 10డబ్ల్యూ40 డబ్బా వెనక చిన్న అక్షరాల్లో 1988 తర్వాత తయారైన చాలా ఇంజిన్లకు పనికిరాదని ఉండేది. ఎస్ఏ అనే బాగా పాత తరగతి ఆయిల్ మీదైతే ఆ హద్దు 1930! అట్లాంటివి మంచి ఆయిళ్ల పక్కనే పెట్టి అమ్మారన్నది కొన్నోళ్ల ఫిర్యాదు. ముందు వైపు గ్రేడు చూసి తీసుకున్నోళ్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?

అలిపిరి_100సీసీ
అయితే వెనక ఏం చూడాలో వరసగా చెప్పన్నా.

కరకంబాడి_లూబ్స్
ముందు మీ మాన్యువల్ తెరవండి. చాలా 100 సీసీలకు 10డబ్ల్యూ30 అనే ఉంటుంది. అట్లుంటే మీరు అడిగిన 20డబ్ల్యూ40 గ్రేడే తప్పు. తర్వాత డబ్బా మీద ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) నాణ్యత తరగతి: మాన్యువల్లో ఎస్ఎల్ అంటే ఎస్ఎల్, ఎస్ఎం, ఎస్ఎన్ ఏదైనా సరే, ఎస్ఎఫ్ వద్దు. జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. ఉత్తగా ‘ఎంఏ2కు తగినది’ అని రాస్తే లెక్కలోకి రాదు. రిజిస్టరైన ఆయిల్‌కు గీతల పెట్టెలో కోడు నంబరు, దాని కింద ఎంఏ2 అని ఉంటుంది. తయారీదారు పూర్తి అడ్రసు, తయారైన నెల, సంవత్సరం లేకపోతే అక్కడే పెట్టేసి రండి. వేళ్ల మధ్య రుద్ది జారుడు చూసేది, రంగు చూసేది పరీక్ష కాదు. ఎరుపు ఉత్త రంగే. పోసిన కొన్నాళ్లకు నల్లబడిందంటే డిటర్జెంటు మసిని పట్టుకుంటా ఉందని.

మార్చేటప్పుడు ఇంజిను మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, సెంటర్ స్టాండు వేసి దింపండి. డ్రెయిన్ బోల్టు వాషరు కొత్తది వేయండి. పోసినాక కాసేపు నడిపి ఆపి, రెండు నిమిషాలు ఆగి ఆయిల్ మూతకుండే కొలత పుల్ల తుడిచి లెవెల్ చూడండి. ఈ రకం 100 సీసీల్లో పుల్లను మరలో బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే లెవెల్ ఎక్కువ కనబడి, ఆయిల్ తక్కువగా ఉండిపోతుంది.

చిత్తూరు_గ్యారేజ్
గేర్ల బైకు కొండెక్కేదైతే మీరు చెప్పిందానికి ఒప్పుకుంటా. స్కూటర్ సంగతి వేరే. దాని క్లచ్చి ఆయిల్లో మునగదు, గేరు ఆయిల్ వేరేగా ఉంటుంది. చిత్తూరు టౌన్లో రోజుకు పది కిలోమీటర్లు తిరిగే స్కూటర్‌కు, మాన్యువల్లోని గ్రేడు, తరగతి సరిపోతే షాపు బ్రాండే పోస్తా.

కరకంబాడి_లూబ్స్
ఆ తరగతి డబ్బా మీద నిజంగా ఉంటే పోయండి. రూ.200 డబ్బాల్లో అది కనబడేదే తక్కువ. మీరు పోసేదాని వెనక వైపు ఫొటో పెట్టండి, చూసి చెప్తా.