లంకలో పెంకుటిల్లు, అమ్మ ఒక్కతే, అటక నిండా సామాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

లంకబాబు:

మాది పి.గన్నవరం దగ్గర, గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరండి. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. నేను హైదరాబాద్‌లో. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఇల్లంతా తిరగలేకపోతోంది. వీధి వైపు రెండు గదుల్లో ఆవిడకి కావలసినవి అందేలా సర్ది, మిగతా సామాను తగ్గిద్దామని దసరాకి వస్తున్నాను.

అటక మీద గుండిగలు, ఇత్తడి బిందెలు, ఊడిపోయిన నవారు మంచం, మా చిన్నప్పటి పుస్తకాలు. వెనక గదిలో నాన్నగారి ట్రంకు పెట్టె నిండా కాగితాలు. వరదకి తడిసి ఆరిపోయి కొన్ని అట్టల్లా అతుక్కుపోయాయి. ఇక వంటింట్లో పూతరేకుల డబ్బాలు, హార్లిక్స్ సీసాలు, కవర్లు కుక్కిన కవర్లు. ఏది ముట్టుకున్నా "నేనున్నన్నాళ్ళూ ఉండనీరా, తరవాత మీ ఇష్టం" అంటుంది. వీడియోల్లో చెప్పినట్టు ఏడాదిగా వాడనివన్నీ తీసేస్తే మా ఇంట్లో అమ్మ మంచం, గ్యాస్ పొయ్యి మిగులుతాయి. ఎలా చేస్తే ఆవిడ బాధపడకుండా పని అవుతుంది?

భీమవరం కోడలు:

అటక జోలికి ముందు వెళ్ళకండి. ఎవరూ గొడవపడనివి మొదట తీయండి. గడువు దాటిన మందులు, మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, ఫంక్షన్లలో ఇచ్చిన ప్లాస్టిక్ బుట్టలు. మా అత్తగారింట్లో దీనికే ఒక పూట పట్టింది. తరవాత అమ్మగారు రోజూ వాడే గిన్నెలు, పప్పుల డబ్బాలు నడుము ఎత్తు అరలోకి తెచ్చేయండి. వంగక్కర్లేదు, స్టూలెక్కక్కర్లేదు. ఆ సుఖం చూశాక మిగతావాటికి ఆవిడే ఒప్పుకుంటారు.

అంబాజీపేట మాస్టారు:

బాబూ, అమ్మాయి చెప్పింది బాగానే ఉంది గానీ నీ అసలు పని అటకే. మన కోనసీమ ఇళ్ళకి అటక ఉన్నది పాత సామాను దాచడానికి కాదు, కురిడీలకి, అంటే ఎండు కొబ్బరి గుండ్లకి. కాయల్ని పీచుతోనే అటక మీద పోస్తే, లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలి గుండులా ఆడటానికి ఎనిమిది నుంచి పన్నెండు నెలలు పట్టేది. తయారవగానే దించి మార్కెట్‌కి తోలాలి కాబట్టి ఏడాదికోసారి అటక ఖాళీ అయ్యేది. మూల ఎక్కడో మంచం కోడు ఉన్నా ఆ రోజున బయటపడేది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో కాయ దించిన చోటే వ్యాపారికి లెక్కపెట్టి ఇచ్చేస్తున్నారు. అటక దించే రోజంటూ లేదు, పైకెళ్ళింది పైనే ఉండిపోతోంది. అందుకని మీ అమ్మగారి మీద విసుక్కోకు.

లంక వాళ్ళకి ఇంకో లెక్క కూడా ఉంది. 2022 జులై గుర్తుందా? ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు, ఆ ఏడు నీళ్ళు 21 అడుగులు దాటాయి. అలాంటప్పుడు బియ్యం బస్తా, పరుపులు, టీవీ ఎక్కించాల్సింది అటక మీదకే కదా. అక్కడ గుండిగలు కూర్చుంటే ఇవెక్కడ పెడతావు? నిచ్చెన ఆనే వైపు సగం అటక ఏ సామానూ లేకుండా ఉంచు. ఆవిడకి కూడా ఇదే చెప్పు. "శుభ్రం చేద్దాం" అంటే ఆవిడ ఇల్లు మురికిగా ఉందన్నట్టు వినిపిస్తుంది. "వరదకి చోటు చేద్దాం" అంటే కాదనదు.

గుండిగల మాట. పెళ్ళిళ్ళు ఇంటి ముందు పందిట్లో జరిగినన్నాళ్ళూ వాటితో పనుండేది. ఇప్పుడు వంటవాళ్ళే సామాను తెచ్చుకుంటున్నారు. అయినా తూకానికి వేసే ముందు ప్రతిదాని అంచూ తుడిచి చూడు, పేర్లు చెక్కి ఉంటాయి. మీ మేనత్త పేరు కనిపిస్తే ముందు ఆవిడకి ఫోన్ చెయ్యి. ఒక్క బిందె అమ్మేసి పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మాట పడుతున్న ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

కంచు, ఇత్తడి వేరు చేసుకో. కంచంటే రాగి, తగరం. ఇత్తడంటే రాగి, జింకు. కంచుకి ధర ఎక్కువ. పాత సామాన్ల వాడు రెండూ ఒకే తక్కెడలో పడేస్తాడు. వేలితో కొడితే కంచు ఖంగుమని చాలాసేపు మోగుతుంది. పెరవలి దగ్గర అజ్జరంలో ఇత్తడి సామాను చేసేవాళ్ళున్నారు, అమ్మే ముందు అక్కడ ధర కనుక్కో. ఇంట్లో వాడుకునేవి ఉంచితే లోపల కళాయి, అదే తగరం పూత, వేయించు. కళాయి లేని ఇత్తడిలో పులుసు పెడితే చిలుమెక్కుతుంది.

ఇక ఆవిణ్ణి అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కటీ ముందు పెట్టు. "పారేద్దామా" అనకు. "ఎవరికిద్దాం" అను. ఆవిడ పడుకున్నప్పుడు మాత్రం ఏదీ గడప దాటించకు.

లంకబాబు:

చాలా థాంక్స్ మాస్టారూ. కురిడీల సంగతి నాకు నిజంగా తెలియదు. మరి ట్రంకు పెట్టె?

రావులపాలెం దస్తావేజు లేఖరి:

ఆ పెట్టె తొందరపడి ఖాళీ చేయకండి. అతుక్కుపోయిన కాగితాల్ని లాగి విడదీయొద్దు, సిరా పొర ఊడొస్తుంది. విడివిడిగా ఉన్నవాటిని నీడలో, ఫ్యాన్ కింద ఆరబెట్టి మధ్యలో తెల్ల కాగితాలు పెట్టండి. ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీయండి.

రిజిస్టరైన అమ్మకం దస్తావేజు పాడైనా నంబరు, సంవత్సరం తెలిస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. రిజిస్టరు కాని పంపకాల కాగితం, ఇంట్లో రాసుకున్న వీలునామా, పాత శిస్తు రసీదు పోతే మళ్ళీ పుట్టవు. కాబట్టి స్టాంపులు అందంగా ఉన్నవి కాదు, ఇలా నలిగిపోయిన తెల్ల కాగితాలే ముందు ఏరండి. లింకు దస్తావేజులన్నీ, అంటే స్థలం ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులన్నీ, ఒక కట్ట కట్టండి, స్థలం అమ్మేటప్పుడు మొదట అడిగేది అవే. లామినేషన్ మాత్రం చేయించకండి, తరవాత ప్లాస్టిక్ ఊడదీయబోతే కాగితమే చిరుగుతుంది. వరదొస్తే చంకలో పెట్టుకుని వెళ్ళేంత సంచిలో పెట్టి, అమ్మగారి మంచం పక్కనే ఉంచండి.

తాటాకు కట్టలేమైనా కనిపిస్తే పొయ్యిలో పెట్టేయకండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు ఉన్నాయి, అక్కడ చూపించండి.

లంకబాబు:

రాత్రి అమ్మకి ఫోన్ చేసి "ఎవరికిద్దాం" అన్నాను మాస్టారూ. ఇంకా ఏ వస్తువూ అనకముందే "పెద్ద గంగాళం మీ కాకినాడ అత్తకి, అది వాళ్ళమ్మది" అంది. అంత గంగాళం కాకినాడకి ఎలా పంపాలండి?

అంబాజీపేట మాస్టారు:

ఆర్టీసీ కార్గోలో వెయ్యి. గోనె చుట్టి, అత్తగారి పేరూ ఫోన్ నంబరూ పెద్దక్షరాలతో రెండు చోట్ల రాయి. ముందు ఆవిడ ఇంట్లో చోటుందో లేదో కూడా కనుక్కో. అపార్ట్‌మెంట్ అయితే ఆవిడ నీకే తిప్పి పంపిస్తుంది.