అప్‌డేట్: మొత్తానికి ఫోన్ వీడియో టీవీలో వచ్చింది

విజయనగరంలో మా ఇంట్లో ఉన్న పాత ఎల్‌ఈడీ టీవీలో ఫోన్ వీడియోలు చూడటం ఎలా అని అడిగాను కదా. స్మార్ట్ టీవీ కాదు, హెచ్‌డీఎంఐ (బొమ్మ, శబ్దం ఒకే కేబుల్‌తో వచ్చే పోర్టు) మాత్రం ఉంది. పని అయింది, అందరికీ థ్యాంక్స్.

టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే ‘నో సిగ్నల్’ తప్ప ఇంకేమీ రాలేదు. మీలో ఒకరు చెప్పిందే కారణం. పిన్ను సరిపోతే చాలదు, ఫోన్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్, అంటే టైప్-సి పోర్టు నుంచి బొమ్మని బయటికి పంపే సదుపాయం, ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది ఉండదట. షాపాయన మాత్రం పాపం, ఇంకో కేబుల్ ఇస్తాను పట్టుకెళ్లమంటాడు!

చివరికి తమ్ముడి దగ్గర ఊరికే పడున్న స్ట్రీమింగ్ స్టిక్ (టీవీ హెచ్‌డీఎంఐకి గుచ్చితే నెట్ వీడియోలు చూపించే చిన్న పరికరం) తెచ్చాను. టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటిస్తే మాటిమాటికీ ఆఫ్ అయిపోయేది. ఛార్జర్‌కి పెట్టి గోడ ప్లగ్గులో గుచ్చాక కుదురుకుంది. ఫోన్‌లో వీడియో యాప్‌లోని కాస్ట్ (టీవీకి పంపే బటన్) నొక్కితే వీడియోని స్టిక్కే నేరుగా వైఫై నుంచి తీసుకుంటుంది, ఫోన్ రిమోట్ పనే చేస్తుంది. మధ్యలో కాల్ వచ్చినా బొమ్మ ఆగదు. స్క్రీన్ మిర్రరింగ్‌లో, అంటే ఫోన్ తెరనే ఉన్నదున్నట్టు టీవీలో చూపించడంలో, ఆ సుఖం లేదు. పైగా కొన్ని ఓటీటీ యాప్‌లలో కాపీ రక్షణ వల్ల మాట వినిపిస్తుంది, తెర నల్లగా ఉంటుంది.

ఇంకొక్క డౌటు. బొబ్బిలిలో మామ్మ ఇంట్లో వైఫై లేదు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం లైవ్ ఆవిడకి చూపించాలి. ఒక ఫోన్‌తో హాట్‌స్పాట్ ఇచ్చి, ఇంకో ఫోన్‌తో కాస్ట్ చేద్దామనుకుంటున్నా. రోజుకి 2 జీబీ ప్యాక్ సరిపోతుందంటారా?