“నీ విశ్వాసమే నిన్ను కుదిర్చింది”: ఈ మాట ఎక్కడిది?

ఆమదాలవలస: గ్రూపు పెద్దలకు నమస్కారం. పిల్లలకి జ్వరం తగ్గాక మా నాయనమ్మ తల మీద చెయ్యివేసి “నీ విశ్వాసమే నిన్ను కుదిర్చింది” అనేది. బైబిలు మాటే అనుకుంటూ వచ్చాను. నిన్న వెతికితే సరిగ్గా ఈ రూపంలో దొరకలేదు. పాత కీర్తనలో గానీ ఉందా?

బొబ్బిలి మాస్టారు: అది యేసు బాగుచేసిన రక్తస్రావం గల స్త్రీ ఘట్టం. మత్తయి 9లో “బాగుపరచెను”, మార్కు 5లో “స్వస్థపరచెను”. “కుదుర్చు” మాత్రం 103వ కీర్తనది: “నీ సంకటములన్నిటిని కుదుర్చువాడు.” నాయనమ్మగారు రెంటినీ కలిపేసి ఉంటారు.

రాజాం: అయితే “కుదుర్చింది” అనాలి కదా మాస్టారూ? “దు” కాస్తా “ది” ఎలా అయింది?

బొబ్బిలి మాస్టారు: అడుగు, అడిగింది. కదుపు, కదిపింది. కుదుర్చు, కుదిర్చింది. ఆవిడ వ్యాకరణానికి ఢోకా లేదు.

పాతపట్నం: “ది” సంగతి సరే, అసలు పేచీ “మే” దగ్గర. గ్రంథంలో “నీ విశ్వాసము” అనే ఉంది, “విశ్వాసమే” లేదు. గ్రీకులోనూ “హే పిస్తిస్ సూ సెసోకెన్ సె”, అంతే. నొక్కి చెప్పే అవధారణార్థకం ఏదీ కనబడదు. ఆ ఏకారం మనవాళ్లు తగిలించినదే.

రాజాం: కర్తని వాక్యం మొదట పెట్టడమే నొక్కి చెప్పడం. గ్రీకులో మాటల వరస చేసే పని తెలుగులో ఏకారం చేస్తుంది. ఇది నా సొంత సిద్ధాంతం, కాదనగలిగితే కాదనండి.

పాతపట్నం: కాదంటున్నాను. “రాముడు వచ్చెను” అంటే “రాముడే వచ్చెను” అనా?

కవిటి: మీకిది అక్షరం గొడవ. మా ఇంట్లో ఆ “మే” చాలా దూరం వెళ్లింది. మా మేనమామ డయాలసిస్ మీద ఉన్నాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు కొత్త కథ కాదు. బయట ఊరి స్వస్థత కూడికలో ఒకాయన “విశ్వాసమే స్వస్థపరుస్తుంది, నీకది ఉంటే ఈ సూదులెందుకు?” అన్నాడు. మామయ్య డయాలసిస్‌కి వెళ్లడం మానేశాడు. కాళ్లు ఉబ్బిపోయి, పడుకుంటే ఊపిరాడక, గోడకి చేరబడి రాత్రంతా కూర్చున్నాడు. తెల్లారాక మా ఊరి పాస్టరుగారే ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇప్పుడు వెళ్లే రోజు పొద్దున్నే ఆయన వచ్చి ప్రార్థన చేసి నుదుటికి నూనె రాస్తారు. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చేతికి మాత్రం రాయరు. జిడ్డుంటే సూది మీద టేపు నిలవదని నర్సు గట్టిగా చెప్పింది.

సాలూరు: మీ పాస్టరుగారు గ్రంథం సరిగ్గా చదివినవారు. మార్కు 2లో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొస్తారు. అక్కడున్న మాట “వారి విశ్వాసము చూచి”. రోగి విశ్వాసం ఊసే లేదు. యోహాను 5లో ముప్పది ఎనిమిదేళ్ల రోగికి తనని బాగుచేసింది ఎవరో కూడా తెలీదు. యాకోబు 5లో రోగి చెయ్యాల్సింది పెద్దల్ని పిలిపించడం. నూనె రాయడం, ప్రార్థన చెయ్యడం వాళ్ల వంతు. తగ్గకపోతే నెపం రోగి మీదికి తోసే హక్కు ఏ వచనం ఇచ్చింది?

బొబ్బిలి మాస్టారు: బాగా చెప్పారు. ఇంకోటి చూడండి. “విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును” అన్నచోట గ్రీకు క్రియ “సోజో”. అయిదు వచనాలు దాటాక “మరణమునుండి యొక ఆత్మను రక్షించి” అన్నచోటా అదే క్రియ. లూకా 7లో పాపాత్మురాలితో అన్నది కూడా అక్షరం పొల్లుపోకుండా “సెసోకెన్ సె”, ఆ క్రియ రూపమే. తెలుగులో అక్కడ “రక్షించెను” అయింది. జబ్బు ఉంటే స్వస్థత, పాపం ఉంటే రక్షణ అని అనువాదకులు పంచేశారు.

సాలూరు: ఆ పంపకం లూకా 17లో బెడిసికొట్టింది. పదిమంది కుష్ఠరోగులూ దారిలోనే శుద్ధులయ్యారు. వెనక్కి వచ్చిన సమరయుడు ఒక్కడితోనే “నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను” అన్నారు. ఒళ్లు బాగైంది పదిమందికీ కదా, మరి వీడికి కొత్తగా ఒరిగిందేమిటి? అక్కడ “రక్షించెను” అనే ఉండాల్సింది. మా ఊళ్లో లెప్రసీ మిషన్ ఆసుపత్రి ఉంది కాబట్టి ఈ వచనం మీద ప్రసంగాలు చాలా విన్నాను. ఒక్కరూ ఈ ముక్క పట్టుకోలేదు.

రాజాం: “స్వస్థ” అంటే తనలో తాను నిలిచినవాడు. సుశ్రుతుడు దోషాలు, అగ్ని, ధాతువులు అన్నీ సమంగా ఉండాలని చెప్పి “ప్రసన్నాత్మేంద్రియమనాః స్వస్థ ఇత్యభిధీయతే” అని ముగించాడు. ఆత్మ, ఇంద్రియాలు, మనసు మూడూ అందులోనే ఉన్నాయి. ఇక వేరే “రక్షించెను” ఎందుకు?

పాతపట్నం: సుశ్రుతుణ్ణి లూకా సువార్తలోకి లాక్కొచ్చిన ఘనత మీదే.

విజయనగరం: వైద్యుల మాట వచ్చింది కాబట్టి, మార్కు 5లో ఆ రక్తస్రావం గల స్త్రీ గురించి నాకు మహా ఇష్టమైన ముక్క “అనేక వైద్యులచేత ఎన్నో తిప్పలుపడి”. అంత గ్రాంథికం మధ్య “తిప్పలు” చూస్తే గిడుగువారు మురిసిపోయి ఉండేవారు. లూకా ఆ తిప్పలు మాట ఎత్తడు, ఎవరి వల్లా బాగవలేదని సరిపెడతాడు. పౌలు కొలొస్సయులకు రాస్తూ “ప్రియుడైన వైద్యుడు” అన్నది ఈ లూకానే మరి. సొంత వృత్తి!

కవిటి: ఇది మామయ్యకి చెప్తే నవ్వాడు.

పాతపట్నం: ఆ పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధ తియ్యమని ముమ్మారు వేడుకుంటే దొరికిన జవాబు “నా కృప నీకు చాలును”. తన తోటివాడు త్రోఫిముని రోగిగానే మిలేతులో విడిచివచ్చాడు. తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువట? ఈ విషయంలో నాకు కీర్తనకర్త పురుషోత్తమ చౌదరిగారే ప్రమాణం. “త్రాహిమాం క్రీస్తు నాథ దయ జూడ రావే” అన్నారు. “త్రాహి” అంటే కాపాడు. సోజోకి అంతకంటే దగ్గరి మాట నాకు తోచడం లేదు. భారమంతా దయ మీద వేశారు, తన విశ్వాసం ఎంతో తూకం వెయ్యలేదు.

విజయనగరం: చౌదరిగారిని తలచుకుంటే కడుపు నిండుతుంది. 1803లో పుట్టి 1890 దాకా ఉన్నారు. బాప్తిస్మం 1833లో, కటకంలో. గురజాడ పుట్టేనాటికే ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. అయినా సాహిత్య చరిత్రల్లో ఆయనకి ఒక పేరా ఇస్తే గొప్ప.

రాజాం: మనవైపు మనిషి అని మీ అభిమానం. “రావే” అని దేవుణ్ణి పిలవడం ఏమిటి, అది ఆడవాళ్లని పిలిచే తీరు కదా?

పాతపట్నం: త్యాగయ్య “లావణ్య రామ కన్నులార జూడవే” అని రాముణ్ణే వేడాడు బాబూ. ఇక ఆపండి.

ఆమదాలవలస: మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా చిన్నాన్నకి ఫోన్ చేశాను. నాయనమ్మ “విశ్వాసమే” అనలేదు, “దేవుడే నిన్ను కుదిర్చేడు” అనేదని అంటున్నాడు. మా అత్త మాత్రం నేను చెప్పిందే కరెక్టంటోంది.

రాజాం: “కుదిర్చేడు” అన్నాడంటే మీ చిన్నాన్నే సిసలైన సాక్షి. మనవైపు “వచ్చేడు, చేసేడు” కదా. అత్తగారిది పుస్తకాల భాష.

బొబ్బిలి మాస్టారు: ఏకారం దేవుడి మీదికి మారితే నాకు అభ్యంతరం లేదు. పాతపట్నం వారికో?

పాతపట్నం: ఆలోచిస్తున్నాను.

కవిటి: ఒక చిన్న సందేహం. యాకోబు చెప్పింది ఒలీవ నూనె అని, అదే రాయాలని మా అత్తయ్య పట్టు. సీసా ధర చూస్తే గుండె గుభేలుమంది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. కొబ్బరినూనె చాలదా?

సాలూరు: గ్రీకులో “ఎలైయోన్”. అంటే ఒలీవ నూనే. కానీ ఆ దేశంలో ఇంటింటా ఉండే నూనె అదే. మీకు కొబ్బరి.

బొబ్బిలి మాస్టారు: తెలుగు బైబిల్లో ఉన్నది “నూనె”. నువ్వుల నెయ్యే నూనె అయింది. మాటని బట్టి పోతే నువ్వులది రాయాలి.

రాజాం: అయితే “కొబ్బరినూనె” అనడమే తప్పంటారా మాస్టారూ?